ఒక్కసారి తెచ్చి ముప్పై ఆరుగురికి

నేను ఒక కంప్యూటర్ డబ్బాను. డబ్బా మాత్రమే. నాకు తెర లేదు, కీబోర్డు లేదు, మౌసు లేదు. ఒక కరెంటు తీగ, ఒక నెట్టు తీగ, వెనక ఒక ఫ్యాను, ఇంతే నా సంసారం. నన్ను మొదటిసారి చూసినవాళ్లు ఇది నడుస్తోందా, పాడైపోతే ఇక్కడ పడేశారా అని అడుగుతారు. నడుస్తున్నానండీ. పదహారేళ్లుగా నడుస్తున్నాను. మీలో పదహారేళ్ల పాటు ఒక్క సిక్ లీవు కూడా పెట్టనివాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఫలానా కంపెనీ అని చెప్పుకునే వంశం కాదు నాది. నాలాంటివాళ్లను అసెంబుల్డ్ అంటారు. నా బోర్డు ఒక దేశంలో పుట్టింది, మెమరీ ఇంకో దేశంలో పుట్టింది, పై రేకు మాత్రం హైదరాబాదు శివార్లలో వంచారు. ఈ చుట్టాలందర్నీ కరీంనగర్‌లో ఒక మెకానిక్కు నేలమీద గోనెపట్టా పరుచుకుని, నోట్లో నాలుగు స్క్రూలు పెట్టుకుని, గంటలో ఒక్కటి చేశాడు. బిగించింది మూడు స్క్రూలే. నాలుగోది లోపలెక్కడో జారిపడింది. నన్ను ఎత్తినప్పుడల్లా గలగలమంటుంది. కొత్తవాళ్లు కంగారు పడతారు. నాకు అలవాటైపోయింది.

మొదట నన్ను కొన్నది తాళ్లపల్లి ఓదెలు. మా ఊళ్లో ఫొటో స్టూడియో ఆయనది. మా ఊరంటే మంచిర్యాల అవతల ఉన్న ఒక బొగ్గు గనుల ఊరు. పేరు చెప్పను. ముందు ముందు ఈ కథలోకి ఒక పెద్దమనిషి వస్తాడు, ఊరు పేరు చెబితే ఆయన నొచ్చుకుంటాడు. ఓదెలు దగ్గర నా పని పెళ్లి ఆల్బములు చెయ్యడం. రాత్రి షిఫ్టు దిగి నేరుగా పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకును కూడా పాలమీగడ రంగులోకి తెచ్చేవాడిని. వెనకాల సున్నం రాలిన గోడ ఉంటే తీసేసి జలపాతం పెట్టేవాడిని. ఫొటో చూసి, అచ్చం మావాడే అని మురిసిపోయేవాళ్లు. ఎక్కడ అచ్చం? ముక్కు తప్ప అన్నీ నేను పెట్టినవే. ఉన్నది ఉన్నట్టు ఇస్తే మనుషులకు నచ్చదని నాకు ఆ స్టూడియోలోనే తెలిసింది.

ఏడేళ్ల తర్వాత ఓదెలు కొత్త యంత్రం కొన్నాడు. నన్ను పాత ఇనుముకు వెయ్యడానికి మనసొప్పలేదు. వాళ్ల నాన్న పోయి సరిగ్గా ఏడాదైంది. నా పక్క రేకు మీద ఎర్ర పెయింటుతో 'కీ.శే. తాళ్లపల్లి రాజమల్లు జ్ఞాపకార్థం, కుమారుడు ఓదెలు' అని రాయించి ఊళ్లోని పాలిటెక్నిక్ కాలేజీకి దానమిచ్చాడు. ఆరోజు నాకు పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ముగ్గురు ఉపన్యాసాలిచ్చారు. సాయంత్రానికి స్టోరు రూములో పెట్టి తాళం వేశారు. దండ ఎండి రాలిపోయేదాకా నా మీదే ఉంది. రెండేళ్లు నా నెత్తిన చుట్టిన చార్టులు, ఒక ఆగిపోయిన గోడ గడియారం మోశాను. గౌరవమంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

అప్పుడొచ్చింది గోమాస స్వరూప.

ఆమె కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటు. కాంట్రాక్టు ఉద్యోగం. సన్నగా ఉంటుంది, చేతిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు, జడలో ఎప్పుడూ ఒక పెన్ను. స్టోరు రూముకు గోడ అవతలే ఆమె ల్యాబు. అందులో ముప్పై ఆరు కంప్యూటర్లు, వాటన్నిటికీ కలిపి దారంలాంటి సన్నని నెట్టు కనెక్షను. పిల్లలకు ఏ కొత్త ప్రోగ్రాం నేర్పాలన్నా దాన్ని బయట ఎక్కడో ఉన్న పెద్ద గిడ్డంగి నుంచి దించుకోవాలి. అది ఒక్క ముక్కగా రాదు, వందల చిన్న చిన్న ప్యాకేజీలుగా వస్తుంది. స్వరూప వాటిని పొట్లాలు అంటుంది. నేనూ అదే అంటాను. ముప్పై ఆరు యంత్రాలూ ఒకేసారి అదే పొట్లం కోసం, అదే గిడ్డంగికి, అదే సన్న దారం మీద పడితే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. తెరల మీద గిర్రున తిరిగే చక్రం చూస్తూ పిల్లలు పీరియడ్ గడిపేసేవాళ్లు. కొందరు ఆ చక్రం తిరగడమే కంప్యూటర్ సైన్సు అనుకున్నారు.

స్వరూపకు నేను కావాల్సి వచ్చింది. స్టోరులో గుండుసూది కదలాలన్నా సీనియర్ అసిస్టెంటు సదానందం సారు సంతకం కావాలి. ఇందాక చెప్పిన పెద్దమనిషి ఈయనే.

"ఈ డబ్బతోని ఏంజేస్తవమ్మా? దానికి తెర గూడ లేదు," అన్నాడాయన, కళ్లజోడు పైకి నెట్టుకుంటూ.

"తెర అవసరం లేదు సార్. ఇంట్ల ముప్పై ఆరుగురు చుట్టాలున్నరనుకోండ్రి. ఒక్కొక్కరి చాయ కోసం ఒక్కోసారి పాల కేంద్రానికి ఉరుకుతమా? ఒక్కసారి తెచ్చి గిన్నెల పోసుకొని అందరికి చాయ పెడతం. ఇది ఆ గిన్నె."

"మరి పాలు విరిగితే?"

"ఇవి విరగయి సార్. ప్రతి పొట్లం మీద ముద్ర ఉంటది. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర కలవది, యంత్రం తీసుకోదు."

ముద్ర అన్న మాట వినగానే సదానందం సారు మొహంలో నమ్మకం కనపడింది. ముద్ర ఉన్నదాన్ని ఆయన ఎన్నడూ అనుమానించలేదు. సంతకం పెట్టేశాడు.

స్వరూప నా దుమ్ము దులిపింది, నాలో రెండు పెద్ద డిస్కులు పెట్టింది, గోడకు కన్నం పొడిచి ల్యాబులోకి తీగ లాగింది. గది మాత్రం మారలేదు, స్టోరు రూమే. ముప్పై ఆరు యంత్రాల్లోనూ ఒక్కొక్క లైను రాసింది. ఏది కావాలన్నా ముందు ఈ డబ్బాను అడగండి అని ఆ లైను అర్థం. నాకు పేరు పెట్టాల్సి వస్తే నా పక్క రేకు వైపు చూసి 'రాజమల్లు' అని పెట్టింది.

నా పని చాలా తేలిక. ఎవరైనా ఒక పొట్లం అడుగుతారు. నా దగ్గరుంటే ఇచ్చేస్తాను. లేకపోతే బయటికి పోయి తెస్తాను, అడిగినవాడికి ఇస్తూనే నాకొక నకలు దాచుకుంటాను. రెండోవాడు అడిగేసరికి సిద్ధంగా ఉంటుంది. దీన్ని కాష్ అంటారట, ప్రాక్సీ అంటారట. నన్నడిగితే కిరాణా కొట్టు అంటాను. కాకపోతే నా కొట్లో సరుకు ఎంతమందికిచ్చినా తరగదు. మొదటి రోజు ఒక ప్రోగ్రాం ఎక్కించడానికి మొదటి యంత్రానికి నలభై నిమిషాలు పట్టింది. మిగిలిన ముప్పై అయిదింటికీ కలిపి పావుగంట. పిల్లలు బెంచీలు చరిచారు. స్టూడియోలో ఏడేళ్లు జలపాతాలు పెట్టినా ఎవరూ నన్ను అంత మెచ్చుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఉబ్బిపోయాను.

తప్పులు జరగలేదని కాదు. మొదట్లో స్వరూప నాకు చేతికందిందల్లా దాచుకోమని చెప్పింది. పొట్లాలతో పాటు గిడ్డంగివాళ్లు పంపే సరుకుల జాబితా కూడా దాచుకున్నాను. పొట్లం పాతబడదు గానీ జాబితా పాతబడుతుందని నాకేం తెలుసు? పది రోజుల పాటు అందరికీ అదే జాబితా చూపించాను. యంత్రాలు అది చూసి, గిడ్డంగిలో తీసేసిన సరుకు కోసం పోయి, లేదనిపించుకుని తిరిగొచ్చాయి. రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు స్వరూప తన నెత్తి మీద తానే ఒకటి మొట్టుకుంది. "పొట్లాలు దాచుకో గని, జాబితా మాత్రం ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకో," అని నాతోనే పైకి చెబుతూ సరిచేసింది.

ఒకసారి గ్రూప్ ఫొటో తియ్యడానికి ఓదెలు కాలేజీకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే స్టోరు రూములో మాత్రం కరెంటు పోయి నేను ఆగిపోయాను. ల్యాబులోంచి ఒక పిల్ల గట్టిగా అరిచింది. "మేడమ్, రాజమల్లు పడిపోయిండు! ఎవలన్న లేపుండ్రి!" పాపం ఓదెలు చేతిలో కెమెరాతోనే పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిశాక నవ్వలేదు. నా రేకు మీద చెయ్యి పెట్టి, స్వరూపతో "మా నాయిన గూడ గంతే, ఎవలేది అడిగినా లేదనకపోతుండె," అని వెళ్లిపోయాడు. ఆ మాటకు ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

ఇలా రెండేళ్లు హాయిగా గడిచాయి. అసలు చిక్కు నేను బాగా పనిచెయ్యడం వల్లే వచ్చింది.

సదానందం సారు నిజంగా మంచి మనిషి. ఒకటే బలహీనత. వాడని వస్తువు ఏది కనిపించినా పైఆఫీసుకు సరెండర్ చేసేస్తాడు. వాడని కుర్చీలు, వాడని ట్యూబులైట్లు, ఒకసారి అయితే ఖాళీగా ఉందని తోటమాలి పోస్టు కూడా సరెండర్ చేశాడు. ఇప్పుడు తోటకు నీళ్లు ఆయనే పోస్తున్నాడు. నెలనెలా నెట్టు వాడకం రిపోర్టు ఆయన టేబులు మీదికే వస్తుంది. ఏటికేడు పోల్చి చూసుకుంటే ల్యాబు వాడకం పదో వంతుకు పడిపోయింది. ఎందుకు పడిపోయిందంటే నా వల్ల. ముప్పై ఆరుసార్లు దిగేది ఒక్కసారే దిగుతోంది. ఆయనకు మాత్రం ఇంకోలా అర్థమైంది. ల్యాబులో ఎవరూ పని చెయ్యడం లేదనుకున్నాడు. స్వరూపను అడుగుదామనుకున్నాడట. కాంట్రాక్టు పిల్ల, పని లేదని తేలితే నలుగురిలో చిన్నబోతుంది, కొలువుకే ముప్పు రావచ్చు అని జాలిపడ్డాడు. ఆమెకు తెలియకుండా, ఆమె మేలు కోరి, 'ప్రస్తుతం వినియోగం లేదు' అని రాసి నెట్టు కనెక్షన్‌ను చప్పుడు కాకుండా సరెండర్ చేశాడు.

శనివారం తీగ చచ్చిపోయింది. సోమవారం సర్క్యులర్ వచ్చింది. వచ్చే వారం జరిగే ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షకు ప్రతి యంత్రంలోనూ పరీక్ష ప్రోగ్రాం కొత్త వెర్షను ఉండాలని, గురువారం తనిఖీ అధికారి వచ్చి చూస్తాడని, ఒక్క యంత్రంలో లేకపోయినా పరీక్షా కేంద్రం రద్దు చేస్తామని అందులో ఉంది. మంచిర్యాల కేంద్రం అప్పటికే నిండిపోయింది. ఇక్కడ రద్దయితే పిల్లలంతా నిర్మల్ పోయి రాయాలి.

స్వరూప కాగితం పట్టుకుని స్టోరు రూములోకి వచ్చి, నా ముందు స్టూలు మీద కూర్చుంది. తీగ పీకి చూసింది, మళ్లీ పెట్టింది, ఆఫీసుకు పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక సదానందం సారు కూడా ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"నాకేం ఎరుకమ్మా? వాడుతలేరనుకున్న. నీకు మాట రావద్దని చెప్పలే. మల్ల పెట్టుమని ఇప్పుడే ఫోన్ జేసిన. మూడు వారాలైతదంటున్నరు."

స్వరూప ఆయన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది.

అప్పుడే గుమ్మంలో ఒక అమ్మాయి కనిపించింది. జాడి మల్లీశ్వరి. ఇరవై మూడేళ్లుంటాయి. పాత బ్యాచి విద్యార్థిని. అయిదు నెలల కిందటి పరీక్షల నాటికి నెలలు నిండి ఉండి ఆ ఒక్క ప్రాక్టికల్ రాయలేకపోయింది. మిగతావన్నీ పాసైంది. పాత సిలబస్‌కు ఇదే ఆఖరి పరీక్ష. ఇది తప్పితే మూడేళ్ల చదువూ సర్టిఫికెట్ లేకుండానే మిగిలిపోతుంది. భుజాన అయిదు నెలల పాప నిద్రపోతోంది.

"సెంటర్ నిర్మల్ పోతదట గదా మేడమ్. పోతే నేను రాయలేను," అంది. ఏడుస్తూ చెప్పలేదు. రేట్లు చెప్పినట్టు చెప్పింది. "బస్సుల నాలుగు గంటలు, మా అత్త అంత దూరం రాలేనన్నది. పాప సీసా నోట్ల పెట్టనియ్యది, నా పాలే తాగుతది. ఏడనో కొత్త కాలేజిల ఎవలకిచ్చి కూసుందు?"

"నువ్వు ఇంటికి పోయి చదువుకో మల్లీశ్వరీ. పరీక్ష ఇక్కడనే," అంది స్వరూప.

అంత ధైర్యంగా ఎలా అందో నాకు అర్థం కాలేదు. మల్లీశ్వరి వెళ్లిపోయాక స్వరూప జడలోంచి పెన్ను తీసి అట్టముక్క మీద లెక్క వేసుకుంది. కొత్త ప్రోగ్రాం అంతా కలిపి రెండు వందల పద్నాలుగు పొట్లాలు, ఒకటింబావు జీబీ. ముప్పై ఆరు యంత్రాలకు విడివిడిగా దించాలంటే కొండంత. నా ద్వారా దించితే ఒకటింబావు, అంతే. దానికి కనెక్షను అక్కర్లేదు, ఒక ఫోను చాలు. ఆమె తల ఎత్తి సదానందం సారు చొక్కా జేబు వైపు చూసింది.

మా కాలేజీ గోడలు రెండడుగుల మందం. స్వరూప ఫోనుకు ఆ గదిలో ఎన్నడూ సిగ్నలు రాలేదు. సదానందం సారు కంపెనీ సిగ్నలు ఒక్కటే స్టోరు రూము కిటికీ దగ్గర నిలబడుతుంది. ఆయన ఆ ఫోనును జేబులోంచి బయటికి తీసిచ్చిన మనిషిని ఎవరూ చూడలేదు. తోటకు నీళ్లు పోసేటప్పుడు కూడా అది ఆయన గుండె మీదే ఉంటుంది.

"ఎంతసేపు గావాలె?" అన్నాడు.

"రేపు ప్రిన్సిపాల్ మీటింగున్నది. ఎల్లుండి, బుధవారం, పొద్దటి నుంచి పొద్దుగూకేదాక. అటెన్క గురువారం తనిఖీ."

ఆయన ఆకాశం వైపు ఒకసారి చూసి తలూపాడు.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి ఆయన ఫోను కిటికీలో కూర్చుంది, దానికీ నాకూ మధ్య ఒక కేబులు. ముప్పై ఆరు యంత్రాలూ వరసగా నా ముందు చెయ్యి చాచాయి. నేను బయటికి బయలుదేరాను. సన్నటి దారి, అయినా దారే. ఒక్కో పొట్లమూ తెచ్చాను, దాచాను, పంచాను. మధ్యలో ఫోను మోగింది. మోగితే ఆ పాత ఫోనులో నెట్టు ఆగిపోతుంది. తెస్తున్న పొట్లం సగంలో జారింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ మోగింది.

"ఎవలు సార్?"

"మా ఆమె. టిఫిన్ మర్సిపోయొచ్చిన, అందుకని."

"ఎత్తి ఒక్క మాట చెప్పుండ్రి సార్."

"ఎత్తితే ఒక్క మాటతోని అయితదా అమ్మా?" అన్నాడాయన దీనంగా.

సారు భార్య అనసూయమ్మ పదకొండుసార్లు చేసింది. జారిన పొట్లాల వల్ల డేటా వృథా అయింది. పన్నెండు దాటేసరికి రెండు వందల మూడు పొట్లాలు వచ్చాయి. రెండు వందల నాలుగోది చాలా తొందరగా వచ్చింది. అయిదోది ఇంకా తొందరగా వచ్చింది. ఆహా, దారి బాగుపడిందని సంబరపడి చకచకా పదకొండూ తెచ్చేసి అందరికీ పంచాను.

ల్యాబులో ముప్పై ఆరు తెరలూ ఒక్కసారి ఎర్రబడ్డాయి. ముద్ర కలవలేదు.

స్వరూప పరుగున వచ్చి నా దగ్గరున్న ఒక పొట్లం విప్పి చూసింది. అందులో ప్రోగ్రాం లేదు. 'మీ నేటి డేటా పరిమితి ముగిసింది' అని ఒక నోటీసు ఉంది, అంతే. ఆయన డేటా అయిపోతే ఫోను కంపెనీవాళ్లు ప్రతి పొట్లానికి బదులు ఆ కాగితమే చేతిలో పెట్టారు. నేను చూసుకోకుండా దాన్నే పదకొండు పేర్ల మీద భద్రంగా దాచుకుని, ముప్పై ఆరుగురికీ వడ్డించాను. ముద్ర చూసేది యంత్రాలే గానీ నేను కాదు. ఏదిస్తే అది తెచ్చే రకం. ఎవరేది అడిగినా లేదనని పేరున్నవాడిని, ఆరోజు లేనిదాన్ని ఉందని ఇచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

స్వరూప ఆ పదకొండూ చెరిపేసి నేలమీద చతికిలబడింది. సదానందం సారు గోడకు ఆనుకున్నాడు. రేపే తనిఖీ.

బయట ఆటో ఆగింది. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని అనసూయమ్మ దిగింది.

"పదకొండుసార్లు చేసిన. మనిషి ఉన్నడా పోయిండా అని గుండె దడదడ కొట్టుకున్నది. ఫోన్ కిటికిల పెట్టి ఏం చేస్తున్నవు?"

స్వరూపే జరిగింది జరిగినట్టు చెప్పింది, మల్లీశ్వరి సంగతితో సహా. అనసూయమ్మ అంతా విని భర్త వైపు ఒక చూపు చూసి, చీర కొంగు ముడి విప్పి తన ఫోను తీసింది. పువ్వుల కవరు, వెనక ఒక చిన్న అద్దం.

"ఇది నా సీరియళ్ల ఫోను. ఇయ్యాల ఇంకా ఒక్కటి గూడ చూడలే. నువ్వు తీగ కోసినవ్, నేను అతికిస్తున్న. తీసుకో బిడ్డా," అని స్వరూప చేతిలో పెట్టింది. తర్వాత భర్త వైపు తిరిగి, "తిను, సల్లారిపోతది," అంది.

ఇదీ ఆ కంపెనీదే, సిగ్నలు నిలబడింది. ఆమె స్టూలు మీద కూర్చుని, ఫోను కదలకుండా, మోగకుండా కాపలా కాసింది. ఈసారి నేను నింపాదిగా నడిచాను. పదకొండు పొట్లాలూ వచ్చాయి. స్వరూప ఒక్కో దాని బరువు చూసి మరీ పంచనిచ్చింది. నాలుగింటికి ఒకటో నంబరు యంత్రం పచ్చగా మెరిసింది. తర్వాత రెండు, మూడు, నాలుగు. నాలుగున్నరకు ముప్పై ఆరూ. స్వరూప గోడ అవతలి నుంచి నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. పూలదండ నాడు కూడా నాకు అంత బాగా అనిపించలేదు.

గురువారం తనిఖీ అధికారి వచ్చాడు, ముప్పై ఆరు యంత్రాలూ తెరిచి చూశాడు, సంతకం పెట్టాడు. "నెట్టు లేకుండ ఎట్ల ఎక్కించిన్రు?" అని అడిగాడు. సదానందం సారు గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గర నెట్టు పెద్దగ అవసరం రాదు సార్. నేను అదే రాసిన," అన్నాడు. స్వరూప నవ్వాపుకోలేక ల్యాబులోకి పారిపోయింది.

పరీక్ష రోజు ఉదయం తొమ్మిదింటికి మల్లీశ్వరి పదకొండో నంబరు యంత్రం ముందు కూర్చుంది. పాపను ఎత్తుకుని అత్త పోశక్క వరండాలో తిరుగుతోంది. రెండు గంటలు బాగానే గడిచాయి. తర్వాత పాప ఏడవడం మొదలుపెట్టింది. సన్నగా మొదలై, ఊపిరి బిగబట్టి, గోడలు దాటేంత గట్టిగా ఏడ్చింది. పోశక్క ఎంత ఊపినా ఆగలేదు. ల్యాబులో కీబోర్డుల చప్పుడు తగ్గింది. మల్లీశ్వరి చేతులు కీల మీదే ఉన్నాయి గానీ కదలడం లేదు.

చివరికి ఆమె చెయ్యెత్తింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి పెద్దాయన. ఆమెను చూశాడు, గుమ్మం వైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"మేడమ్‌ను వెంట తీస్కపో. పది నిమిషాలమ్మా," అన్నాడు.

ఆ వరండాలో తలుపున్న గది ఒక్కటే, నాది. స్వరూప బయట తలుపు పట్టుకుని నిలబడింది. మల్లీశ్వరి నా పక్కన స్టూలు మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. పాప రెండు గుటకలకే ఊరుకుంది. మల్లీశ్వరి కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. మిగిలిన ప్రశ్నకు జవాబు కట్టుకుంటోందని నాకు అర్థమైంది. ఎనిమిదో నిమిషానికి పాప పిడికిలి సడలింది. పోశక్కకు అందించి, కొంగు సర్దుకుని లేచింది మల్లీశ్వరి. నా గుమ్మం నుంచి పదకొండో నంబరు యంత్రానికి పద్దెనిమిది అడుగులు. ఆమె అంతే నడిచి పోయి కూర్చుంది, వేళ్లు మొదలయ్యాయి.

నా డిస్కుల్లో ఆరోజుకు వేల పొట్లాలున్నాయి. ఆ మూడు గంటల్లో నన్నెవరూ ఒక్కటి కూడా అడగలేదు. కావాల్సినవన్నీ ఎవరివి వాళ్లకు ముందే చేరిపోయాయి. తాళం వేసిన ఆ రెండేళ్లు పక్కన పెడితే, పదహారేళ్ల నా బతుకులో అంత పని లేని పూట లేదు, అంత సంతోషపడ్డ పూటా లేదు. పోశక్క పాపను ఒళ్లో వేసుకుని నా పక్కనే నేలమీద కూర్చుంది. నా ఫ్యాను చప్పుడుకు పాప, పరీక్ష అయిపోయినట్టు గంట కొట్టేదాకా నిద్ర లేవలేదు.